పిస్తోలు పిడి

పిస్తోలు పిడి అనగా పిస్తోలును చేతితో పట్టుకొనే భాగం. సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్లలో అత్యధిక భాగానికి తూటాలుండే మ్యాగజైను కూడా ఈ పిడిలోపలే అమరి ఉంటుంది. అందువలన పిడి రెండు పనులు చేయవలసి వస్తుంది. ఒకటి చేతికి పట్టునివ్వడం, రెండవది తూటాలకు గూడుగా ఉండడం. ఈ రెండు అవసరాలూ ఒకదానితో ఒకటి పొసగవు. ఒక రకం తూటాకు కొలత ఒక్కటే. మనుషుల చేతులు మాత్రం ఒక్కొక్కరివి ఒక్కొక్క కొలతలో ఉంటాయి. పిడి చుట్టుకొలత, వాలు, ఆకారం, ఉపరితలం చేతికి సరిపోకపోతే అసౌకర్యం కలగడమే కాక గురి తప్పవచ్చును, చేతికి గాయం కావచ్చును, కొన్ని సందర్భాలలో పిస్తోలే సరిగా పనిచేయకపోవచ్చును. ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం పాటు అందరికీ ఒకే కొలత పిడిని ఇచ్చి, దానికి అలవాటు పడడం మనిషి వంతు అని భావించారు. పిడినే చేతికి తగినట్లు మార్చుకొనే పద్ధతి 1990ల చివరి నుండి వ్యాప్తిలోకి వచ్చింది.

పిడిలోని భాగాలు

- ముందు అంచు: నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు చుట్టుకొని ఉండే వైపు. కొన్ని పిస్తోళ్లలో ఇక్కడ వేళ్లకు గాళ్లు ఉంటాయి.
- వెనుక అంచు: అరచేతికి ఆనుకొనే వైపు. ఇది తిన్నగా గాని, ఉబ్బెత్తుగా గాని ఉంటుంది.
- పక్క పలకలు: పిడికి ఇరువైపులా బిగించే చెక్క, రబ్బరు లేదా ప్లాస్టిక్ పలకలు. పాలిమర్ చట్రం గల పిస్తోళ్లలో చాలావాటికి విడి పలకలు ఉండవు.
- తోక: వెనుక అంచు పైభాగాన బయటకు పొడుచుకు వచ్చిన భాగం. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనున్న చర్మపు మడత దీని కింద ఇముడుతుంది. బీవర్ అనే జంతువు తోకను పోలి వెడల్పుగా ఉండే రకాన్ని బీవర్‌టెయిల్ అంటారు.
- మ్యాగజైను ద్వారం: పిడి అడుగున మ్యాగజైనును లోనికి తోసే ఖాళీ.

తూటా పొడవు, పిడి లావు

పిడి ఎంత సన్నగా ఉండవచ్చుననేది ముందుగా తూటా నిర్ణయిస్తుంది. మ్యాగజైనులో తూటాలు ఒకదానిపై ఒకటి పడుకొని ఉంటాయి కనుక తూటా మొత్తం పొడవు పిడికి ముందు వెనుకల లోతు అవుతుంది. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 9×19 మి.మీ. తూటా గరిష్ఠ పొడవు 29.69 మి.మీ. అమెరికా సైన్యం దీర్ఘకాలం వాడిన .45 ఏసీపీ తూటా పొడవు సుమారు 32 మి.మీ. దీనికి మ్యాగజైను రేకు మందం, పిడి గోడల మందం, వెనుక అంచులో స్ప్రింగు వంటివి ఉంటే వాటికి కావలసిన చోటు కలుపుకోవాలి. ఎంత నేర్పుగల రూపకర్త అయినా ఈ మొత్తం కంటే పిడిని తగ్గించలేడు.

పిడి వెడల్పును తూటాల వరుసలు నిర్ణయిస్తాయి. ఒకే వరుస మ్యాగజైను సన్నగా ఉంటుంది గాని తక్కువ తూటాలు పడతాయి. రెండు వరుసల మ్యాగజైనులో తూటాలు ఎడమకు ఒకటి, కుడికి ఒకటి చొప్పున ఎడమొహం పెడమొహంగా ఇమిడి ఉంటాయి. దీని వెడల్పు ఒకే వరుస దానికి రెట్టింపు కాదు గాని, చేతికి తేడా స్పష్టంగా తెలిసేటంత ఎక్కువ. 1911 నాటి కోల్ట్ పిస్తోలు మ్యాగజైనులో 7 తూటాలు పట్టగా, 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్‌లో 13, బెరెట్టా 92లో 15, గ్లాక్ 17లో 17 పడతాయి. ఈ పెరుగుదలకు వెల చెల్లించినది పట్టుకొనేవాడి అరచేయి.

అయితే చుట్టుకొలత ఒక్కటే సౌఖ్యాన్ని నిర్ణయించదు. అడ్డుకోతలో అండాకారంగా ఉండి, మూలలు గుండ్రం చేసిన పిడి కొంత లావైనా చేతిలో ఒదుగుతుంది. చతురస్రపు మూలలు గల పిడి అదే కొలతలో ఉన్నా మొద్దుగా అనిపిస్తుంది. రెండు వరుసల మ్యాగజైను ఉన్నప్పటికీ బ్రౌనింగ్ హై పవర్ పిడి చేతికి అనువైనదని పేరు తెచ్చుకోవడానికి ఇదే కారణం.

ట్రిగ్గర్ దూరం

పిడి వెనుక అంచు నుండి ట్రిగ్గర్ ముఖం వరకు గల దూరాన్ని ట్రిగ్గర్ దూరం అంటారు. చేతికి పిస్తోలు సరిపోవడం, సరిపోకపోవడం ప్రధానంగా దీనిపై ఆధారపడి ఉంటుంది. సరైన పట్టులో పిస్తోలు గొట్టం ముంజేతికి ఒకే వరుసలో ఉండాలి. ఆ స్థితిలో చూపుడువేలి కొన వద్దనున్న మెత్తని భాగం ట్రిగ్గర్‌పై ఆనాలి.

దూరం ఎక్కువై వేలు అందకపోతే, మనిషి తెలియకుండానే పిడిని చేతిలో పక్కకు తిప్పుకొని వేలిని అందించుకొంటాడు. అప్పుడు గొట్టం ముంజేతి వరుస తప్పుతుంది. పేలినప్పటి తన్ను అరచేతి మధ్యకు, ముంజేతికి చేరక బొటనవేలి మొదటి కీలు మీద పడుతుంది. ఎక్కువ తూటాలు కాల్చిన తరువాత ఆ కీలు నొప్పి పుట్టడం ఇందువలననే. వేలికొన చివర మాత్రమే ఆనినప్పుడు ట్రిగ్గర్‌ను తిన్నగా వెనుకకు లాగడానికి బదులు పక్కకు నెట్టడం కూడా జరుగుతుంది. దూరం మరీ తక్కువైతే వేలు కణుపు వరకు లోనికి పోయి, గొట్టాన్ని ఎదుటి పక్కకు లాగుతుంది. కొన్ని మిల్లీమీటర్ల తేడా చాలు, ఈ దోషాలు కనిపించడానికి.

డబుల్ యాక్షన్ పిస్తోళ్లలో మొదటి తూటాకు ట్రిగ్గర్ బాగా ముందుకు ఉంటుంది. తరువాతి తూటాలకు వెనుకకు వస్తుంది. అందుచేత ఒకే పిస్తోలులో మొదటి తూటాకు అందని వేలు రెండవ తూటాకు అందవచ్చును.

1988లో అమెరికా సైన్యం జరిపిన శరీర కొలతల సర్వేలో పురుషుల చేతి సగటు పొడవు సుమారు 19.4 సెం.మీ., స్త్రీలది సుమారు 18 సెం.మీ. అని తేలింది. ఇవి సగటులు మాత్రమే. సగటు కంటే చిన్న చేతులు గలవారు పురుషులలోనూ ఎందరో ఉంటారు. సగటు పురుషుని చేతికి తీర్చిన పిడిని అందరికీ ఇచ్చినప్పుడు, చిన్న చేతులు గలవారికి గురి కుదరకపోతే ఆ లోపం కొలతది కాక మనిషిది అనిపిస్తుంది. పోలీసు, సైనిక శిక్షణలో కాల్పుల పరీక్ష ఉత్తీర్ణత తప్పనిసరి కనుక ఇది కేవలం సౌఖ్యానికి సంబంధించిన విషయం కాదు.

పిడి వాలు

గొట్టానికి పిడి ఎంత వాలుగా ఉన్నదో తెలిపేది పిడి కోణం. దీనిని అర్థం చేసుకోవడానికి ఒక స్కేలును పిడికిట పట్టుకొని చేతిని ముందుకు చాచి చూడవచ్చును. మణికట్టును బిగించకుండా ఉంచితే స్కేలు నిట్టనిలువుగా ఉండదు. పైకొన కొంత ముందుకు వాలుతుంది. పిస్తోలు పిడి వాలు ఈ సహజమైన వాలుకు దగ్గరగా ఉంటే, చేయి చాచగానే గొట్టం తనంత తానే లక్ష్యం వైపు చూస్తుంది.

కోల్ట్ 1911 పిడి గొట్టానికి లంబంగా ఉండే గీత నుండి సుమారు 18 డిగ్రీలు, గ్లాక్ పిడి సుమారు 22 డిగ్రీలు వాలి ఉంటాయి. జర్మనీకి చెందిన లూగర్ పిస్తోలు పిడి ఈ రెండింటికంటే ఎక్కువ వాలుగా ఉంటుంది. మణికట్టును ఒకే తీరున ఉంచితే, వాలు ఎక్కువగల పిస్తోలు గొట్టం పైకి చూస్తుంది. అందుచేత 1911కు అలవాటు పడినవారు గ్లాక్ పట్టుకొన్నప్పుడు మొదట్లో గొట్టం కొంచెం పైకి లేచినట్లు గమనిస్తారు. వీటిలో ఒకటి సరైనది, మరొకటి తప్పు అని చెప్పడానికి వీలు లేదు. అలవాటుకు ఇందులో పెద్ద పాత్ర ఉన్నది. రూగర్ సంస్థ లూగర్‌ను పోలిన వాలుతో 1949 నుండి .22 పిస్తోలును తయారు చేసి, తరువాత 1911 వాలు కోరేవారి కొరకు అదే పిస్తోలును 22/45 అనే పేరుతో వేరే పిడితో విడుదల చేసింది.

తన్ను, పట్టు

న్యూటన్ మూడవ గమన నియమం ప్రకారం గుండు ముందుకు పోయినప్పుడు పిస్తోలు వెనుకకు తంతుంది. గొట్టం చేతికి పైన ఉంటుంది కనుక ఈ తన్ను పిస్తోలును వెనుకకు నెట్టడంతో పాటు గొట్టం కొనను పైకి లేపుతుంది. చేతికీ గొట్టానికీ మధ్య ఎత్తు ఎక్కువైన కొలదీ కొన ఎక్కువగా లేస్తుంది. పిడి పైభాగం లోతుగా మలచి, చేయి గొట్టానికి దగ్గరగా చేరేటట్లు చేస్తే ఇది తగ్గుతుంది. కాని చేయి అంత పైకి పోయినప్పుడు వెనుకకు వచ్చే స్లైడు గాని, హ్యామర్ గాని చర్మపు మడతను గీరే ప్రమాదం ఉన్నది. దీనినే స్లైడు కాటు, హ్యామర్ కాటు అంటారు. పిడికి తోక పెట్టడం ఇందుకే.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో పట్టుకు మరొక ప్రాముఖ్యం కూడా ఉన్నది. స్లైడు వెనుకకు పోయి ఖాళీ తొడుగును బయటకు విసిరి, ముందుకు వస్తూ కొత్త తూటాను తీసుకొంటుంది. ఇది జరగాలంటే చట్రం కదలకుండా నిలబడాలి. పట్టు వదులైతే చట్రం కూడా స్లైడుతో పాటు వెనుకకు పోతుంది, స్లైడు పూర్తి దూరం పోలేక ఖాళీ తొడుగు చిక్కుకొంటుంది. ఈ కోణంలో చూస్తే పట్టుకొన్న చేయి పిస్తోలు యంత్రాంగంలో ఒక భాగమే. సరిపోని పిడి ఆ భాగాన్ని బలహీనపరుస్తుంది.

ఉపరితలం

చెమట, వాన, నూనె పిడిని జారేటట్లు చేస్తాయి. లోహపు, చెక్క పిడులపై అడ్డదిడ్డంగా సన్నని గాళ్లు చెక్కి వజ్రాకారపు మొనలు తేలుస్తారు. అంగుళానికి 20 గీతలైతే గరుకుగాను, 30 గీతలైతే నునుపుగాను ఉంటుంది. పాలిమర్ పిడులపై అచ్చులోనే బొడిపెలు పోస్తారు. గరుకుదనం ఎక్కువైతే పట్టు బాగుంటుంది గాని, ఎక్కువసేపు సాధన చేసేవారి అరచేయి ఒరుసుకుపోతుంది, దుస్తుల కింద ధరించేవారి బట్టలు చిరుగుతాయి.

వేళ్ల గాళ్ల విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. గాళ్లు ఒక కొలత వేళ్లకు మాత్రమే సరిపోతాయి. ఇతరులకు గాడి గట్టు సరిగ్గా వేలి కింద పడి నొక్కుకొంటుంది. గ్లాక్ సంస్థ మూడవ తరం పిస్తోళ్లలో ప్రవేశపెట్టిన గాళ్లను 2017లో వచ్చిన అయిదవ తరంలో తొలగించింది.

చరిత్ర

1893లో హ్యూగో బోర్కార్ట్ రూపొందించిన సి-93 పిస్తోలులో మ్యాగజైను పిడిలోపలే ఉండేది. కాని దాని పిడి దాదాపు నిలువుగా, ఆయుధం నడుమ ఉండడం వలన పట్టుకోవడం కష్టమనిపించింది. దీనినే గియోర్గ్ లూగర్ సంస్కరించి, వాలుగా ఉన్న పిడితో తన పేరు మీదుగా ప్రసిద్ధమైన పిస్తోలును తయారు చేశాడు. స్విట్జర్లాండ్ దీనిని 1900లో, జర్మనీ సైన్యం 1908లో స్వీకరించాయి. 1896లో వచ్చిన మౌజర్ సి96 వేరే దారి పట్టింది. దాని మ్యాగజైను ట్రిగ్గర్‌కు ముందు ఉండడం వలన పిడిని సన్నగా, గుండ్రంగా చేయగలిగారు. ఆ ఆకారాన్ని బట్టి దానికి చీపురు కర్ర అనే మారుపేరు వచ్చింది.

పిడి ఆకారానికి గల ప్రాముఖ్యాన్ని చక్కగా తెలిపేది కోల్ట్ 1911 సంస్కరణ. జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్తోలును అమెరికా సైన్యం 1911లో స్వీకరించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన అనుభవంతో 1920ల మధ్యలో దీనికి కొన్ని మార్పులు చేసి ఎం1911ఏ1 అని పేరు పెట్టారు. వాటిలో ముఖ్యమైనవి:

1. చిన్న చేతులవారికి కూడా అందేటట్లు ట్రిగ్గర్‌ను పొట్టి చేశారు.
2. ట్రిగ్గర్ వెనుక చట్రానికి ఇరువైపులా పల్లంగా చెక్కి వేలికి దారి ఇచ్చారు.
3. తిన్నగా ఉన్న వెనుక అంచు కింది భాగాన్ని ఉబ్బెత్తుగా చేశారు. గురి చూడకుండా చేయి చాచినప్పుడు గొట్టం కిందికి వాలుతున్నదన్న ఫిర్యాదుకు ఇది సమాధానం.
4. హ్యామర్ కాటును నివారించడానికి తోకను పొడిగించారు.

ఈ నాలుగింటిలో ఏదీ గొట్టాన్ని గాని, తూటాను గాని మార్చలేదు. అన్నీ చేతి కొరకు చేసినవే. ఈ పిస్తోలు వెనుక అంచులో అరచేతితో నొక్కి ఉంచితే తప్ప పేలనివ్వని మీట ఒకటి ఉన్నది. చేతి పల్లం దానికి సరిగా ఆనకపోతే పిస్తోలు పేలదు. అందుచేత తరువాతి తయారీదారులు ఆ మీటపై ఒక ఉబ్బును చేర్చారు.

1985లో అమెరికా సైన్యం 1911 స్థానంలో బెరెట్టా 92ను ఎం9 పేరుతో స్వీకరించింది. రెండు వరుసల మ్యాగజైను, డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ రెండూ కలియడం వలన దీని పిడి లావుగాను, ట్రిగ్గర్ దూరంగాను ఉన్నదనే విమర్శ చిన్న చేతులు గల సైనికుల నుండి వచ్చింది. బెరెట్టా సంస్థ తరువాత వెనుక అంచును తిన్నగా, సన్నగా చేసి వెర్టెక్ అనే రకాన్ని తెచ్చింది.

మార్చుకొనే పిడులు

లోహపు చట్రంలో వెనుక అంచును మార్చడం కష్టం. 1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గ్లాక్ 17 పాలిమర్ చట్రానికి ప్రాచుర్యం తెచ్చింది. పాలిమర్‌ను కావలసిన ఆకారంలో అచ్చు పోయవచ్చును కనుక, విడదీసి మార్చే వెనుక పలకలు సాధ్యమైనాయి. 1990ల చివరిలో వచ్చిన వాల్థర్ పీ99 ఈ పద్ధతిని ప్రవేశపెట్టిన తొలి పిస్తోళ్లలో ఒకటి. 2010లో గ్లాక్ నాలుగవ తరం చట్రాన్ని కొంత చిన్నది చేసి, 2 మి.మీ., 4 మి.మీ. పెంచే రెండు విడి పలకలను జతచేసింది. జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోచ్ సంస్థ వీపీ9 పిస్తోలుకు వెనుక పలకలు 3, ఎడమ పలకలు 3, కుడి పలకలు 3 ఇచ్చింది. వీటిని 27 విధాలుగా కూర్చవచ్చును.

సిగ్ సావర్ పీ320లో మరొక అడుగు ముందుకు వేశారు. ఇందులో చట్టరీత్యా ఆయుధంగా లెక్కించే క్రమసంఖ్య గల భాగం లోపలి ట్రిగ్గర్ యంత్రాంగమే. బయటి పిడి కేవలం తొడుగు. దానిని చిన్నది, మధ్యస్థం, పెద్దది అనే కొలతలలో మార్చవచ్చును. 2017 జనవరిలో అమెరికా సైన్యం ఎం9 స్థానంలో దీనిని ఎం17, ఎం18 పేర్లతో ఎంపిక చేసింది.

క్రీడా పిస్తోళ్లు

పోటీలలో వాడే పిస్తోళ్లలో చేతికి పిడిని అమర్చే కళ పరాకాష్ఠకు చేరింది. 25 మీటర్ల పోటీలలో వాడే .22 పిస్తోళ్లలో వాల్థర్ జీఎస్పీ, పార్దీని ఎస్పీ వంటివాటికి మ్యాగజైను ట్రిగ్గర్‌కు ముందు ఉంటుంది. పిడిలో తూటాలు లేనందున చెక్కను అరచేతి అచ్చులాగా మలచవచ్చును. చేతి మడమ ఆనడానికి పైకి, కిందికి జరిపే అరుగు ఉంటుంది. కుడి, ఎడమ చేతులకు వేరువేరుగా, వేరువేరు కొలతలలో ఈ పిడులు లభిస్తాయి. క్రీడాకారులు వీటిని ఆకురాయితో అరగదీసి, అవసరమైనచోట లప్పం పెట్టి తమ చేతికి సరిచేసుకొంటారు. అయితే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం పిడి మణికట్టుకు ఆధారం ఇవ్వకూడదు. 25 మీటర్ల పిస్తోలు బరువు 1400 గ్రాములకు మించకూడదు, 300×150×50 మి.మీ. పెట్టెలో పట్టాలి.

హంగరీకి చెందిన కారొలీ తకాచ్ 1938లో సైనిక శిక్షణలో గ్రెనేడు పేలి కుడిచేయి పోగొట్టుకొన్నాడు. ఎడమచేతితో సాధన చేసి 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో స్వర్ణ పతకాలు సాధించాడు.

భారతదేశంలో

భారత సైన్యం దీర్ఘకాలంగా వాడుతున్న పిస్టల్ ఆటో 9 ఎం.ఎం. 1ఏ పశ్చిమ బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనది. ఇది బ్రౌనింగ్ హై పవర్ నమూనా. దాని పిడి కూడా అదే తీరున ఉంటుంది. పౌరులు పిస్తోలు కలిగి ఉండడానికి 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు అవసరం.

క్రీడారంగంలో విజయ్ కుమార్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో రజత పతకం గెలుచుకొన్నాడు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టు పోటీలో స్వర్ణం, వ్యక్తిగత పోటీలో రజతం సాధించింది.

సరిపోలికను పరీక్షించే విధానం

ఈ పరీక్షను శిక్షకుని సమక్షంలో, మ్యాగజైను తీసివేసి, గొట్టంలో తూటా లేదని కంటితోను వేలితోను నిర్ధారించుకొన్న తరువాతనే చేయాలి. గొట్టం ఎల్లప్పుడూ మనుషులు లేని సురక్షితమైన దిశకు ఉండాలి.

1. చర్మపు మడత తోక కింద ఖాళీ లేకుండా ఇమడాలి.
2. గొట్టం ముంజేతికి ఒకే వరుసలో ఉండాలి.
3. ఆ వరుస చెడకుండా చూపుడువేలి మెత్తని భాగం ట్రిగ్గర్‌కు అందాలి.
4. మూడు వేళ్లూ ముందు అంచుపై ఆనాలి. చిటికెనవేలు కిందికి జారిపోతుంటే పిడి పొట్టి అని అర్థం.
5. రెండవ చేతి అరచేయి ఆనడానికి పక్క పలకపై కొంత చోటు మిగలాలి.
6. పట్టు పెద్దగా సడలించకుండా బొటనవేలు మ్యాగజైను మీటకు అందాలి.

దుకాణంలో చేతికి హాయిగా తోచిన పిడి కాల్చినప్పుడు కూడా అలాగే ఉంటుందని చెప్పలేము. మెత్తగా చేతిలో నిండిన పిడి తన్ను తగలగానే జారవచ్చును; మొదట మొరటుగా అనిపించినది స్థిరంగా నిలవవచ్చును. అందువలన ఈ ఆరు లక్షణాలు చూసిన తరువాత అనుమతి గల కాల్పుల మైదానంలో పరీక్షించి చూడడం తప్పనిసరి.

ఇవి కూడా చూడండి

- పిస్తోలు
- రివాల్వర్
- జాన్ బ్రౌనింగ్
- ఒలింపిక్ క్రీడలలో షూటింగ్
- న్యూటన్ గమన నియమాలు

వర్గాలు: ఆయుధాలు | తుపాకులు | షూటింగ్ క్రీడ